గమేలా దించిన చోటు

కళ్లు మూసుకునే పని కాదు

భజనిల్లు నడపడమంటే కళ్లు మూసుకుని కూర్చోవడం అనుకునేవాళ్లు దయచేసి ఈ పనిలోకి రావద్దు. ఇక్కడ కళ్లు మూస్తే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి, నీళ్ల టాంకీ నిండి గల్లీలో పారుతుంది, పక్కపక్క మంచాల మీది ఇద్దరు ముసలమ్మలు కిటికీ తెరవాలా మూయాలా అని జుట్టూజుట్టూ పట్టుకుంటారు. కాబట్టి కళ్లు తెరిచే ఉంచాలి. నోరు మూసుకుంటే ఇంకా మంచిదని మా అమ్మ చెప్పేది. అది ఒక్కటే నాకు చేతకాలేదు.

నా పేరు సరోజ. కామాటిపురలో మా భజనింటికి మొదటి నిర్వాహకురాలిని. నిర్వాహకురాలు అనే మాట కమిటీవాళ్లు బోర్డు మీద బాగుంటుందని పెట్టారు గాని, అసలు పని ఇంటి పెద్దకోడలిది. అందరికన్నా ముందు లేవాలి, అందరూ తిన్నాక తినాలి, కూరలో ఉప్పు ఎక్కువైనా ఊళ్లో వాన ఎక్కువైనా మాట పడాలి. నేను చాలా మాటలు పడ్డాను. పడ్డవాటికి రెట్టింపు అన్నాను, అది వేరే సంగతి.

ఇప్పుడు మీలాంటి పిల్లలు ఈ పనికి చదువుకుని మరీ వస్తున్నారు. చాలా సంతోషం. పర్మిషన్లు, రసీదులు, మీటింగులు మీకు ఎవరైనా నేర్పుతారు. నేను రాసేది వాటి గురించి కాదు. నా తర్వాత బాధ్యత తీసుకున్న స్వాతి చేరిన కొత్తలో ఒక ప్రశ్న అడిగింది. "అక్కా, ఎక్కడైనా నేల లోపలి నుంచి గుమ్మం వైపు కడుగుతారు. ఇక్కడ గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి కడుగుతారేంటి? నీళ్లన్నీ వెనక గోడ దగ్గర చేరుతున్నాయి కదా!" అంది. తెలివైన పిల్ల. సరైన చోటే వేలు పెట్టింది. దానికి జవాబు చెప్పాలంటే ఈ ఇల్లు పుట్టిన కథంతా చెప్పాలి.

మెట్ల మీద భజన

ఎనభైల్లో సంగతి. అప్పుడు నేను మా గల్లీ బాలవాడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. పెళ్లి మాటెత్తితే మా అమ్మ మీద ఇంతెత్తున లేచేదాన్ని. మా చాల్‌కు, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత మేడకు, మధ్యలో చెక్కమెట్లు ఉండేవి. ఆ మెట్ల కింద, మామూలుగా విరిగిన సైకిళ్లు పడేసే సందులో, బాలమ్మ అవ్వ ఉండేది.

అవ్వ మాకు చుట్టం కాదు. పాలమూరు దిక్కు నుంచి మొగుడితో కలిసి కట్టడం పనికి వచ్చింది. మొగుడు పోయినా వెనక్కి పోలేదు. సైటు నుంచి సైటుకు తిరిగింది. ఆ బతుకు ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. సైటు మొదలవగానే పక్కన రేకులూ గోనెపట్టాలూ కట్టి గుడిసె వేస్తారు. బిల్డింగ్ లేచినన్నాళ్లూ వంట అక్కడే, పురుడు అక్కడే, పండగ అక్కడే. పని పూర్తయిన రోజు ఆడవాళ్లు లోపలి గదిలో మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ నేల కడుగుతారు. కడుగుతూ కడుగుతూ గుమ్మం బయటికి వచ్చేస్తారు. ఇక లోపల అడుగు పెట్టకూడదు, కాళ్లకున్న సిమెంటుతో నేల ఖరాబవుతుంది. మేస్త్రీ తాళంచెవి 'పార్టీ' చేతిలో పెడతాడు. పార్టీ అంటే ఇల్లు కట్టించుకున్న ఆసామి. వీళ్లు గుడిసె విప్పి, మూట నెత్తిన పెట్టుకుని, ఇంకో సైటుకు టెంపో ఎక్కుతారు.

అవ్వ అలా ఎన్ని ఇళ్లలోంచి వెనక్కి నడిచిందో ఆమెకే గుర్తులేదు. నాతో బస్సులో వస్తే కిటికీలోంచి వేలు చూపించేది. "అగో, పంతులమ్మా, గా బిల్డింగుల మూడో మంజిల కాడనే నా చెయ్యి ఇరిగింది!" అని పుట్టిల్లు చూపించినంత సంబరపడేది. నన్ను పంతులమ్మా అనే పిలిచేది. అందులో సగం గౌరవం, సగం వెక్కిరింత.

బరువులు మోయలేని వయసు వచ్చాక మా మెట్ల కిందికి చేరింది. ఒక గమేలా మాత్రం వెంట తెచ్చుకుంది. కాంక్రీటు మోసే ఇనుప తట్టను మేం గమేలా అంటాం. దాన్ని బోర్లించి, మీద చీర మడత వేసి, తలగడగా పెట్టుకునేది.

గురువారం సాయంత్రాలు అవ్వ తత్వాలు పాడేది. కింద చోటు లేదు కాబట్టి జనం మెట్టుకు ఇద్దరు చొప్పున మెట్ల మీదే కూర్చునేవాళ్లు. పైఅంతస్తుల వాళ్లు పని నుంచి వచ్చి ఇంటికి పోదామంటే దారి ఉండేది కాదు. దానికి అవ్వ ఒక పద్ధతి పెట్టింది. ఒక చరణం పాడినవాళ్లకే దారి. పైన ఒక మరాఠీ కండక్టర్ కాకా ఉండేవాడు, మహా కోపిష్టి. "కాయ్ త్రాస్ ఆహే!" అని, అంటే ఏం పీడరా ఇదని, గొణుగుతూనే తెలుగులో చరణం పాడి పైకి పోయేవాడు. ఆ ఉచ్చారణ దేవుడెరుగు గాని, తాళం మాత్రం తప్పేవాడు కాదు! మా భజన మండలి పుట్టింది ఆ మెట్ల మీదే. మాకు స్వామీజీ లేడు, కాషాయం లేదు, పటం కట్టుకోవడానికి గోడ కూడా లేదు.

నా మొదటి బాస్

మా మండలికి పెద్ద పోతన్న మేస్త్రీ. సెంట్రింగ్ పనిలో, అంటే స్లాబు కింద చెక్కలు బిగించే పనిలో, పేరున్నవాడు. ఆయన గొంతు విప్పితే ఫాక్‌లాండ్ రోడ్డు అవతల కుక్కలు లేచేవి. నాకు వరసకు మామ అవుతాడు.

ఒక గురువారం భజన అయ్యాక చాల్ యజమాని మనిషి వచ్చాడు. మెట్లు పుచ్చిపోయాయి, కొత్తవి వేస్తాం, వానలు పడేలోపల కింద ఖాళీ చేయాలి అని చెప్పి పోయాడు. మేమంతా అవ్వ ముఖం చూశాం. అవ్వ ఏమీ పట్టనట్టు తాళాలు మూటలో పెట్టుకుంటోంది.

"ఏం ఫికర్ లేదురా. వర్లి కాడ పాత కంట్రాక్టరు కొత్త సైటు పెట్టిండు. వాచ్‌మన్ లెక్క ఉండు అవ్వా, గుడిసె ఏసుకో అన్నడు. వానకు ముందే టెంపో పంపుతడు" అంది.

కిందటి ఏడు వానాకాలంలో సైటు గుడిసెలో ఉండి వచ్చినప్పటి దగ్గు ఆమెకు ఇంకా వదల్లేదు. దవాఖానా డాక్టరు నన్నే నిలబెట్టి చీవాట్లు పెట్టాడు, తడినేల మీద పడుకోబెడితే ఈసారి మనిషి దక్కదని. అది గుర్తొచ్చి నేనేదో అనబోతుంటే పోతన్న మామ పైమెట్టు మీద లేచి నిలబడ్డాడు.

"ఊరంత ఇండ్లు కట్టినం గదరా! మనోళ్లు ముసలైనంక యాడ పండుకోవాలె? ప్లాట్‌ఫారం మీదనా? ఒక్కటి మనం కట్టుకుందాం. పొద్దుగూకితే భజన, రాత్రికి పడక. ఒక్కసారి లోపటికి వచ్చినోన్ని మళ్ల లేవగొట్టుడు లేదు!"

మెట్లన్నీ కేకలతో ఊగిపోయాయి. నిజంగానే ఊగాయి, పుచ్చినవి కదా! మా సందు వెనక పాడుబడ్డ తబేలా, అంటే గుర్రాల కొట్టం, ఒకటి ఉండేది. అది ఎప్పుడో పోయిన ఒక తెలుగు కంట్రాక్టరుది. ఆయన భార్య, ముసలావిడ, మామ వెళ్లి అడిగితే భజనకు వాడుకోండి నాయనా అంది. అంతే. వచ్చే ఆదివారానికే గడ్డపారలు దిగాయి.

ఆ ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు. వారమంతా ఎవరి ఇళ్లో కట్టి అలిసినవాళ్లు, ఒక్క సెలవు రోజున వర్లి నుంచి, ధారావి నుంచి, సొంత తాపీలు సంచిలో వేసుకుని వచ్చేవాళ్లు. ఒకాయన నాలుగు ఇటుకలు తెచ్చేవాడు, ఒకావిడ బిందెడు చారు తెచ్చేది. నేను చాయ్ కాచాను, ఇసుక జల్లెడ పట్టాను, గమేలా ఎత్తడం నేర్చుకున్నాను. చేతులు బొబ్బలెక్కితే అవ్వ చూసి, "ఇగ నువ్వు పంతులమ్మవు గాదు, మనిషివైనవు" అని నవ్వింది. నా జన్మలో నాకు ఇచ్చిన సర్టిఫికెట్లలో దాన్ని మించింది లేదు.

బాసుల గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. పోతన్న మామ తొందరపడి తప్పుడు నిర్ణయాలు తీసుకునేవాడు. కానీ తప్పని తెలిసిన క్షణంలో అందరి ముందూ నవ్వుతూ వెనక్కి తీసుకునేవాడు. ఆయన తర్వాత వచ్చిన అధ్యక్షులు ఆచితూచి మంచి నిర్ణయాలే తీసుకున్నారు, ఒక్క చెడ్డదాన్ని వెనక్కి తీసుకోలేదు. మీకు గనక ఎంచుకునే అదృష్టం ఉంటే మొదటి రకం బాసును ఎంచుకోండి.

మౌనం పట్టిన స్లాబు

ఆయన చేసిన తప్పుల్లో పెద్దది స్లాబు రోజు చేశాడు. అంతకు ముందు వారం ఎవరితోనో కలిసి ఏదో పెద్ద ఆశ్రమం చూసి వచ్చాడు. అక్కడ పనివాళ్లంతా మౌనంగా పని చేస్తున్నారట. మామకు అది తలకెక్కింది.

"మనది గుడ ఆశ్రమమే గదా! రేపు స్లాబు మౌనంగ ఏస్తున్నం. ఎవలన్న నోరు తెరిస్తే పుణ్యమంత పోతది!" అని గల్లీ దద్దరిల్లేలా అరిచి చెప్పాడు. మౌనం గురించి ఆ అరుపేమిటో! నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

స్లాబు ఒకసారి మొదలుపెడితే చివరి మూల దాకా ఆపకూడదు. మధ్యలో ఆగితే వేసింది బిగుసుకుంటుంది, తర్వాత వేసేది దానికి అతకదు, ఆ గీతలోంచి ఇక జన్మంతా వాననీళ్లు కారతాయి. మా సందులోకి మిక్సర్ మెషిన్ పట్టదు. కింద పారలతో కలిపి, గమేలాల్లో నింపి, వెదురు పరంజా మీద అంచెలంచెలుగా నిలబడ్డవాళ్లు చేతి నుంచి చేతికి పైకి అందించాలి. అదే మా మెషిన్.

పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. నోళ్లు మూసుకున్నాం. కాసేపట్లోనే అంతా తలకిందులైంది. ఇచ్చేవాడు తీసుకునేవాడి వైపు చూడాలి, తీసుకునేవాడు పైవాడి వైపు చూడాలి. చూసి అందించి తిరిగేలోపల కింది గమేలా వచ్చి మోచేతికి తగులుతోంది. ఒకరి దగ్గర మూడు గమేలాలు, పక్కవాళ్లవి ఒట్టి చేతులు. పోతన్న మామ పైనుంచి ట్రాఫిక్ హవల్దారులా చేతులు ఊపుతున్నాడు. ఆయన ఎడమకు ఊపితే కుడివైపు వాళ్లు కదులుతున్నారు. ఇంతలో నిండు గమేలా ఒకటి జారి మా నాన్న పాదం పక్కనే దభీమని పడింది. ఎవరైనా 'అయ్యో' అనాలి కదా? మౌనం! ఎవరూ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కింద కలిపిన కుప్ప ఎండకు బిగుసుకుంటోంది. పైన వేసినది సగానికి కూడా రాలేదు. ఇల్లు కారిందంటే అవ్వ పడుకునే చోటే కారుతుంది. అవ్వను ఆ రోజు దగ్గు వల్ల పని చేయనివ్వలేదు, ఇసుక కుప్ప నీడన కూర్చోబెట్టాం. కూర్చున్న మనిషి లేచింది. తన గమేలా బోర్లించి తాపీతో టంగు టంగున కొట్టింది.

"ఏం రా పోతిగా! సచ్చినోన్ని మోస్కపోతున్నరా, స్లాబు ఏస్తున్నరా? నోర్లు ఇప్పుండ్రి!"

అని, అప్పటికప్పుడు కట్టి ఎత్తుకుంది:

"పోనియ్యి పోనియ్యి, పైకి పోనియ్యి!
నీది గాదు నాది గాదు, పైకి పోనియ్యి!"

'పోనియ్యి' అన్నప్పుడు చేయి ఇస్తుంది, 'పైకి' అన్నప్పుడు చేయి అందుకుంటుంది. ఎవరూ ఎవరి వైపూ చూడక్కర్లేదు. పాట అందగానే పరంజా అంతా ఒక్క మనిషి అయిపోయింది. గమేలాలు పైకి నిండుగా, కిందికి ఖాళీగా పరుగులు తీశాయి. పైనుంచి పోతన్న మామ, "పుణ్యం పోతే పోనియ్యిరా, స్లాబు దక్కాలె!" అని నవ్వుతూ అందరికన్నా గట్టిగా పాట అందుకున్నాడు.

కానీ పోయిన సమయం పోయింది. కింద కలపడానికి, నింపడానికి చేతులు చాలడం లేదు. మా ఎదుటి బిల్డింగులో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు ఉండేవాళ్లు. మేం చిన్నప్పటి నుంచీ తలొంచుకుని దాటిపోయే ఇల్లు అది. ఆ కిటికీలో నుంచి ఒకామె కేక వేసింది. "ఓ అవ్వా! మీది ఏ ఊరే? మాది గుడ పాలమూరు దిక్కే!"

"ఊరు తర్వాత చెప్త, ముందుగాల దిగి రా! చేతులు కావాలె!" అంది అవ్వ.

ఆమె పేరు రేణుక. ఇంకో నలుగురైదుగురిని వెంటేసుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుంటూ దిగి వచ్చింది. నా పక్కనే నిలబడి పార అందుకుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. "ఏం చూస్తున్నవ్? నింపు, నింపు!" అంది. నింపాను.

పొద్దు వాలేలోపల చివరి మూల నిండింది. ఆఖరి గమేలాను కింది నుంచి పై దాకా ప్రతి ఒక్కరూ ముట్టుకుని పంపారు. పోతన్న మామ దాన్ని గుమ్మరించి, చదును చేసి, "బస్! ఝాలే! అయిపోయింది!" అని అరిచాడు. మేం కాంక్రీటు చేతులతోనే ఒకరినొకరు కౌగిలించుకున్నాం. నేను రేణుకనూ కౌగిలించుకున్నాను. మరుసటి రోజు నా జుట్టు విడదీయడానికి మా అమ్మ పడ్డ పాట్లు చెప్పతరం కాదు!

మౌనం మంచిదే. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు మంచిది. మీరు పని చేయించేటప్పుడు మాత్రం జనాన్ని పాడుకోనివ్వండి.

ఎవరిని రానివ్వాలి

ఆ తర్వాతి గురువారం రేణుక భజనకు వచ్చి అట్టడుగు మెట్టు మీద కూర్చుంది. మా మండలిలో ఇద్దరు పెద్దమనుషులు మూతులు ముడిచారు. అసువంటోళ్లు వస్తే మన మండలి పేరు పోతది అని ఒకాయన అననే అన్నాడు.

అవ్వ తాళం ఆపింది. "వాళ్ల చేతులకెళ్లి గమేలా అందుకున్నప్పుడు నీ పేరు యాడ పోయిందిరా? పో, స్లాబులకెళ్లి వాళ్లు ఇచ్చిన గమేలాలు ఏవో ఏరి తీసిపారెయ్. తీసినంక వచ్చి మాట్లాడు" అంది.

ఈ ఉద్యోగంలో మీ మీద అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి వచ్చేది ఇక్కడే. ఎవరు, ఏ కులం, ఇంతకు ముందు ఏం చేసేవాళ్లు అని గుమ్మంలోనే అడగమంటారు. అడగకండి. నేను అడగలేదు, ఇల్లు కూలిపోలేదు.

కడిగి అప్పజెప్పిన రోజు

వానలు దగ్గరపడి ఆకాశం నల్లబడే వేళకు ఇల్లు పూర్తయింది. ఆ ఇల్లు ముందుగా అవ్వ కోసమని మా అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అవ్వకు ప్రత్యేకంగా చెప్పలేదు. అవ్వ అడగనూ లేదు.

గృహప్రవేశం రోజు పొద్దున నేను పాలగిన్నె, కొత్త కుండ, బియ్యం మూట పట్టుకుని సందులోకి పరుగెత్తుకుంటూ వచ్చాను. ముహూర్తం దగ్గరపడుతోంది. తలుపు బార్లా తీసి ఉంది, లోపల నేల అద్దంలా మెరుస్తోంది, పురుగు కూడా లేదు. తిరిగి చూస్తే జనమంతా ఎదుటి గోడ వారన వరుసగా నిలబడి ఉన్నారు. పాత సైటు ఆడవాళ్ల పక్కన చీపుళ్లు, బకెట్లు. అందరికన్నా ముందు బాలమ్మ అవ్వ, నెత్తిన మూటతో. సందు మొదట్లో వర్లి సైటు టెంపో హారన్ కొడుతోంది.

"ఇదేంది? అందరూ బయట నిలబడ్డరేంది?" అని అరిచాను.

"కడిగినం బిడ్డా. మస్తు తెల్లగ వచ్చింది" అంది అవ్వ తృప్తిగా. తెల్లవారకముందే వచ్చి, వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ కడిగి, తమ ఇంట్లోంచి తామే బయటికి వచ్చేశారు!

పోతన్న మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళంచెవి పట్టుకుని, గుమ్మం పక్కన అటెన్షన్‌లో ఉన్నాడు. "మామా, నువ్వన్న లోపలికి పోవద్దా?"

"ఎట్ల పోతనే? పార్టీ రావాలె, తాళంచెవి అప్పజెప్పాలె" అన్నాడు.

"ఏ పార్టీ మామా?"

మామ చేతిలోని తాళంచెవి వైపు చూసుకున్నాడు. ఊళ్లో సగం స్లాబులకు సెంట్రింగ్ కట్టిన మనిషి, ఆ క్షణంలో బడిపిల్లాడిలా తెల్లముఖం వేశాడు. "అరే... పార్టీ మనమే గదనే" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

జనం నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. అయినా ఒక్కరూ అడుగు ముందుకు వేయలేదు. వేయలేకపోయారు. చినుకులు మొదలయ్యాయి. టెంపోవాడు మళ్లీ హారన్ కొట్టాడు. అవ్వ కదిలింది, టెంపో వైపు.

నేను అడ్డం పడ్డాను. "అవ్వా, ఇది నీ ఇల్లు! నీకోసమే కట్టినం!"

"ఊకో పంతులమ్మా. దేవునికి కట్టినం. గుడి కట్టినోళ్లు గుళ్లె పండుకుంటరా? నీది గాదు నాది గాదు, పైకి పంపినం, అయిపోయింది. నా కాళ్లు సూడు, సిమెంటు. నేల ఖరాబైతది."

ఎంత చెప్పినా వినదు. బతిమాలాను, తిట్టాను, చేయి పట్టుకుని లాగాను. ముసలి ప్రాణం, రాయిలా నిలబడింది. వాన పెద్దదవుతోంది. అవ్వ దగ్గింది. ఆ దగ్గు వింటుంటే టెంపోలో ఎక్కనిస్తే ఇక మళ్లీ చూడనని నాకు తెలిసిపోయింది. భయం, కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. అప్పుడు నా కంటికి అవ్వ మూటలోంచి తొంగిచూస్తున్న గమేలా కనిపించింది.

మూట కిందికి దింపి గమేలా లాగి తీశాను. దాంట్లో కొత్త కుండ పెట్టాను, పాలగిన్నె పెట్టాను, పక్కన బియ్యం మూట కుక్కాను. ఎత్తి అవ్వ నెత్తిన పెట్టాను. మేస్త్రీలు అరిచినట్టే అరిచాను.

"ఏయ్ అవ్వా! ఖాలీ పీలీ నిలబడ్డవేంది? మాల్ లోపల దించి రా! చల్!"

అవ్వ మెడ నిటారుగా లేచింది. చేయి దానంతటదే గమేలా అంచు పట్టుకుంది. ఒక్క మాట మాట్లాడకుండా, ఆ సిమెంటు కాళ్లతో, గుమ్మం దాటి నేరుగా లోపలికి నడిచింది! ఒట్టి చేతులతో ఏనాడూ ఏ ఇంట్లోకీ పోయిన మనిషి కాదు. బరువు ఉంటే ఎక్కడికైనా పోతుంది. వెనక గోడ దాకా పోయి, గమేలా దించి, నడుము పట్టుకుని, తిరిగింది.

అప్పటికి నేను రెండు చేతులూ అడ్డం పెట్టి గుమ్మంలో నిలబడ్డాను.

"జరుగవే, టెంపో పోతది."

"పోనియ్యి."

వెనక నుంచి, ఎక్కేవాళ్లు లేరు పొమ్మని టెంపోవాడికి చెబుతున్న రేణుక గొంతు వినిపించింది. "చల్ భయ్యా, సవారీ నహీ హై, జావ్!" టెంపో వెళ్లిపోయిన చప్పుడు అవ్వ కూడా వింది. తల ఎత్తి స్లాబు వైపు చూసింది. బయట వాన హోరుమంటోంది, లోపల ఒక్క చుక్క లేదు.

"ఇగ ఇక్కడికెళ్లి ఎవలు ఖాళీ చెయ్యమనరా?" అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నీది గాదు నాది గాదు అని నువ్వే పాడితివి. ఎవలది కానప్పుడు ఖాళీ చెయ్యమనేటోడు ఎవడు అవ్వా?" అన్నాను.

అవ్వ గమేలా పక్కనే కూలబడింది. కాళ్లు చాపుకుంది. అంతే, బయట ఉన్నవాళ్లకు కిటుకు అర్థమైపోయింది. ఒకరు బకెట్టు, ఒకరు పలక, ఒకరు పీట, చేతికి ఏది దొరికితే అది ఎత్తుకుని పాడుకుంటూ లోపలికి పరుగెత్తారు. చిట్టచివర పోతన్న మామ సెంట్రింగ్ చెక్క ఒకటి భుజాన పెట్టుకుని, "జరుగుండ్రి, జరుగుండ్రి! పార్టీ వచ్చింది!" అని కేకలు వేస్తూ వచ్చాడు. అద్దంలాంటి నేల బురదబురద అయింది. ఆ బురదలోనే పాలు పొంగించాం.

చేతిలో ఏదో ఒకటి పెట్టండి

అవ్వ ఆ ఇంట్లో చాలా వానాకాలాలు చూసింది. మర్నాడు ఆ బురద కడగబోతూ లోపలి మూలకు పోయిన నన్ను చీపురు లాక్కుని తిట్టింది. "గట్ల కడుగుతరానే? అది పరాయి ఇండ్లకు. మనింట్ల గుమ్మం కాడ మొదలువెట్టి లోపటికి పోవాలె" అంది. వెనక గోడకు నీళ్లు పోయే తూము పోతన్న మామ తర్వాత కొట్టించాడు. స్వాతీ, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య కూడా అదొక్కటే. గుమ్మంలో సంకోచంగా నిలబడ్డ మనిషిని 'రండి, కూర్చోండి, ఇది మీ ఇల్లే' అనకండి. జన్మలో ఎవరూ వాళ్లను అలా అనలేదు, నమ్మరు. చేతిలో ఏదో ఒకటి పెట్టి లోపల దించి రమ్మనండి. వర్లి నుంచి వచ్చిన ఒక మిల్లు కార్మికుడు ఉచితంగా తిననని భీష్మించుకుని అరుగు దిగలేదు, లోపలికీ రాలేదు. నీళ్ల బిందె ఇచ్చాను. ఆ బిందె దించినవాడు మళ్లీ బయటికి పోలేదు, ఇరవై ఏళ్లు మాకు నీళ్లు పట్టాడు.

నా చివరి రోజు కమిటీవాళ్లు దండ వేశారు, శాలువా కప్పారు, ఉపన్యాసాలు చెప్పారు. తమ్ముడింటికి పోదామని సంచి సర్ది అరుగు మీద పెట్టుకున్నాను. పోయేముందు హాలు ఒకసారి కడిగి అప్పజెప్పాలనిపించింది. బకెట్టు, చీపురు తీసుకుని మొదలుపెట్టాను. కడుగుతూ కడుగుతూ కాలికి గడప తగిలింది. వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, గుమ్మం దాకా వచ్చేశాను.

అరుగు మీద కూర్చున్న రేణుక చూసింది. ఇప్పుడు ఆమెకు పళ్లు లేవు గాని గొంతు అలాగే ఉంది. "ఓ సరోజా! ఇటు గాదే, అటు!" అని అరిచింది.

నేను తేరుకునేలోపల స్వాతి వచ్చి నా చేతిలోంచి చీపురు తీసుకుంది. ఉల్లిగడ్డలు నింపిన పాత గమేలా ఒకటి నా చేతుల్లో పెట్టింది. "అక్కా, కొంచెం లోపల దించి రండి" అంది.

మోసుకుపోయి వంటగదిలో దించాను. నడుము పట్టుకుని తిరిగి చూస్తే, ఆ పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది.